సుగుణమ్మకు నేను పెట్టిన కన్ను

నేను రాసే మనిషిని కాదు. పదో తరగతి అయిపోయాక నా చేతిలో పెన్సిలూ కుంచే తప్ప కలం నిలవలేదు. మన బొమ్మలు గీసే ఆడవాళ్ళ పేజీలో మిగతావాళ్ళు అరకు వెళ్ళామనీ హంపి వెళ్ళామనీ రాస్తుంటే చదివి సంతోషించేదాన్ని. నువ్వూ రాయి కరుణా అంటే నవ్వి ఊరుకునేదాన్ని. ఇప్పుడు రాస్తున్నది కోపం వల్ల. వారం దాటింది, రోజూ మోకాళ్ళ మీద ఉంటున్నాను, అయినా ఆ కోపం దిగలేదు. నిజం చెప్పాలంటే, దించమని దేవుణ్ణి గట్టిగా అడగనూ లేదు. నేను నెక్కొండ వైపు వెళ్ళి, మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని బొమ్మ గీసి వచ్చానని తెలిసి మీలో ఇద్దరు ముగ్గురు దారి అడిగారు. దారి చెబుతాను. కానీ ఉత్త దారి చెప్పి ఊరుకోలేను.

నా పని తెలియనివాళ్ళ కోసం ఒక మాట. వరంగల్‌లో పాతికేళ్ళుగా చర్చి క్యాలెండర్లకూ, ఆదివారం బడి పిల్లలకిచ్చే కార్డులకూ, పోయినవాళ్ళ జ్ఞాపకార్థ కూడికలకూ బొమ్మలు వేస్తున్నాను. ముఖం గీసేటప్పుడు చాలామంది కళ్ళతో మొదలుపెడతారు. నేను పెదవులతో మొదలుపెడతాను. ముందు చిన్న చిరునవ్వు, రెండు చివరలూ కాస్త పైకి. దాని చుట్టూ గడ్డం, బుగ్గలు, ముక్కు. అన్నిటికంటే చివర, కొంచెం దించిన కళ్ళు. ఆ నోరు ట్రేసింగ్ కాగితం మీద చిన్నదీ పెద్దదీ తయారుగా పెట్టుకున్నాను. రంగు ఒక మెట్టు తెల్లగా, ముడతలు సగానికి సగం తక్కువగా. ఇంటివాళ్ళు చూసి కళ్ళు తుడుచుకుంటారు. "కరుణమ్మ గీస్తే ముఖంల సమాధానం ఉంటది" అంటారు. చర్చిలో సమాధానమంటే మనశ్శాంతి. ఆ మాట మీదే నా బతుకు నడిచింది. నేను కూడా ఆ మాట నమ్మాను.

నెక్కొండ అవతల ఒక పల్లె ఉంది. పేరు రాయను, వెళ్ళాలనుకునేవాళ్ళకు విడిగా చెబుతాను. అక్కడి చర్చిలో పక్కగోడ మీద ఆ సంఘం పెద్దల బొమ్మలన్నీ నేను వేసినవే. ఈ సంక్రాంతి దాటాక సంఘ పెద్ద ప్రకాశం గారు ఫోన్ చేసి, ఈసారి ఒక ఆడమనిషి బొమ్మ పెడుతున్నామన్నారు. ఆమె పేరు సుగుణమ్మ. ముప్పై ఏళ్ళ పైగా చుట్టుపక్కల పల్లెలన్నీ నడిచి, ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసిన మనిషి, ఆడవాళ్ళకు అక్షరాలు నేర్పిన మనిషి. ఇప్పుడు ఎనభై దగ్గర పడింది, బతికే ఉంది. ఫోటో పంపించి, "కన్ను ఒక్కటి జర సరిచెయ్యిండ్రి అక్కా" అన్నారు. ఫోటోలో ఎడమ కంట్లో తెల్లగా పువ్వు ఉంది. పెద్దామె మీద ప్రేమతో అంటున్నారనుకున్నాను. సరిచేశాను. కుడి కన్నును చూసి ఎడమది గీశాను, రెండూ కవల పిల్లల్లా వచ్చాయి. ముఖాన నా చిరునవ్వు పెట్టి, తెల్లచీర కొంగు తల మీదికి లాగి, అద్దం కట్టించి బస్సులో పంపేశాను.

బొమ్మ చేరిన మర్నాడు మధ్యాహ్నం కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. వందనాలు అని కూడా అనలేదు.

"బొమ్మ గీసింది నువ్వేనా బిడ్డా?"

"అవునమ్మా, మీరెవరు?"

"గదే నేనూ అడుగుతాన్న. ఎవర్ని గీసినవ్? ప్రకాశం తెచ్చి చూపెట్టిండు. మా ఊర్ల గసొంటి ఆమె ఎవ్వలు లేరు. పోస్టు తప్పొచ్చిందేమో, వాపసు తీసుకపో."

సుగుణమ్మే అని నాకు అర్థమయ్యేలోపే ఫోన్ పెట్టేసింది. పాతికేళ్ళలో నా బొమ్మను వాపసు తీసుకుపొమ్మన్నవాళ్ళు లేరు. నేను గొంతు పెంచే మనిషిని కాదు, మా వీధిలో కూరగాయలమ్మాయితో కూడా బేరమాడను. ఆ రోజు మాత్రం వంటింట్లో గిన్నెలు కావాలని చప్పుడు చేశాను. తెల్లారి వెళ్ళి ఆ ముసలామెకే నాలుగు మాటలు చెప్పి, నా బొమ్మ నేను తెచ్చేసుకుంటానని నిశ్చయించుకున్నాను. ప్యాడ్, పెన్సిళ్ళు సంచిలో వేసుకున్నది అలవాటు కొద్దీ.

దారి ఇది. వరంగల్ స్టేషన్లో పొద్దున డోర్నకల్ వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కాలి. వేళలు మారుతుంటాయి కాబట్టి ముందురోజే కనుక్కోండి. టికెట్టు టీ, టిఫిన్ ఖర్చు కంటే తక్కువ. గంటలోపే నెక్కొండలో దిగుతారు. బస్సులూ ఉన్నాయి కానీ చుట్టూ తిరుగుతాయి. రైల్లో ఎడమవైపు కిటికీ దొరికితే వదలకండి, ఈ నెలల్లో చేలన్నీ ఎర్రబడి ఉంటాయి. నేను ఆ రోజు చేలు చూడలేదు, ముసలామెకు చెప్పాల్సిన మాటలు వరుసలో పెట్టుకుంటూ కూర్చున్నాను. స్టేషన్ బయట చిన్న హోటల్లో ఉప్మా, పల్లీ చట్నీ బాగుంటాయి. అక్కణ్ణుంచి షేర్ ఆటోకు మనిషికి నలభై. మనుషులు నిండేదాకా కదలదు. నేను ఎక్కిన ఆటో సమ్మయ్యది. నా సంచిలోంచి ప్యాడ్ బయటికి కనిపిస్తే అడిగాడు.

"బొమ్మలు గీస్తరా అక్కా? నాది గూడ ఒకటి గియ్యిండ్రి. మా ఇంటామె గుర్తుపట్టకుంట గియ్యాలె, పైసలు అడుగకుంట ఉంటది."

ఆటోలో అందరూ నవ్వారు. మామూలుగా నేనూ నవ్వేదాన్ని. "గుర్తుపట్టకుండ గీసుడే నా పని తమ్మీ" అన్నాను. అన్నాక ఆ మాట నాకే గుచ్చుకుంది.

ఊరి మొదట్లోనే మిర్చి కల్లాలు. నేలంతా ఎర్రగా పరిచి ఉంది, రంగు పోయిన తాలు కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ముఖాలకు కొంగులు చుట్టుకున్నారు. దిగగానే తుమ్ములు పట్టుకున్నాయి. సుగుణమ్మ ఇల్లు చర్చి వెనక సందులో ఉంది. గుమ్మం ముందు పీట మీద కూర్చుని కోళ్ళకు నూకలు వేస్తోంది. నేను తుమ్ముతూనే వందనాలు చెప్పాను.

"వందనాలు. నువ్వేనా బొమ్మల బిడ్డవు? తుమ్ముకుంట వచ్చినవ్, కూసో. మొదలు నీళ్ళు తాగు, తర్వాత కొట్లాడుదువు."

వరుసలో పెట్టుకున్న మాటలన్నీ అక్కడే చెదిరిపోయాయి. అయినా నీళ్ళు తాగి అడిగాను. "అవ్వా, నేను కష్టపడి గీసిన. ఏం తప్పుంది దాంట్ల?"

"తప్పేంలే, మస్తు ముద్దుగున్నది. ఆ కన్ను ఎవలిచ్చిండ్రు?"

"ప్రకాశం గారు సరిచెయ్యమన్నరు. మీరు బాగ కనపడాలని."

ఆమె చేతిలో నూకలన్నీ ఒక్కసారే విసిరేసింది. కోళ్ళు మీదికి ఉరికాయి.

"వాడు అనడా మరి! నీకు ఎర్క లేదు బిడ్డా, నువ్వు కూసో, చెప్త." ఆమె చెప్పింది, ఏడవకుండా, ఊళ్ళో వానల గురించి చెప్పినట్టు. వయసులో ఉన్నప్పుడు సాయంత్రాలు ఆడవాళ్ళకు అక్షరాలు చెప్పేది. ప్రకాశం గారి తల్లి కూడా పలక పట్టుకుని వచ్చేది. ప్రకాశం గారి తండ్రి రాజయ్యకు అది నచ్చలేదు. ఒకరోజు ఈమె వాళ్ళ ఇంటికి వెళ్ళేసరికి ఆయన గోడకు సున్నం వేస్తున్నాడు. "చేతుల చిప్ప ఉండె. ఆ చిప్పెడు సున్నం నా మొకం మీద కొట్టిండు. ఎడ్లబండి మీద వరంగల్ దవాఖానకు పోయేటాళ్ళకు కన్ను పోయింది."

తర్వాత కొన్నేళ్ళకు రాజయ్య సంఘంలో చేరాడు. చర్చి కట్టడానికి జాగా ఇచ్చింది ఆయనే. సంఘ పెద్ద అయ్యాడు, చనిపోయేవరకూ పెద్దగానే ఉన్నాడు. ఊళ్ళో ముసలివాళ్ళకు ఈ సంగతి తెలుసు. పిల్లలకు మాత్రం, సుగుణమ్మకు పుట్టుకతోనే కన్ను అలా ఉందని చెప్పారు.

నాకు రాజయ్య బొమ్మ గుర్తొచ్చింది. ఆ గోడ మీద మొదటిది ఆయనదే. గీసింది నేనే. ఆయనకు పెట్టిన చిరునవ్వూ ఈమెకు పెట్టిన చిరునవ్వూ ఒకే ట్రేసింగ్ కాగితం మీది నుంచి దించినవి. సున్నం కొట్టినవాడికీ, కన్ను పోయినామెకూ ఒకే నోరు ఇచ్చాను. పైగా ఆమె కన్ను తుడిచేసి ఆయన చెయ్యి కడిగాను. ముందు ప్రకాశం గారి మీద ఒళ్ళు మండింది. ఆ వెంటనే నా కుడిచేతి మీద మండింది.

"అవ్వా, మీరు ఆయన్ను క్షమించలేదా?" అని అడిగాను. భక్తిగల మనిషిని కదా, ముందు నోటికి వచ్చింది అదే.

సుగుణమ్మ ఒంటి కంటితో నన్ను తేరిపార చూసింది. "ఎప్పుడో క్షమించిన. క్షమించినంక కన్ను మల్ల వచ్చిందా? క్షమించినది నేను. తుడిచేస్తాంది మీరు. మిమ్ముల తుడువుమన్నది ఎవలు?"

ప్యాడ్ తీశాను. ఎదురుగా మనిషిని కూర్చోబెట్టి గీయడం నేర్చుకునే రోజుల్లో తప్ప మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. ఫోటో కదలదు, ఎదురు మాట్లాడదు. ఈమె కోడిని తిట్టింది, పక్కింటి లచ్చమ్మను కేకేసింది, ముక్కు చీదింది. నా చెయ్యి తనకు తెలిసిన దారిలోనే వెళ్ళి పెదవులు మొదలుపెట్టింది. చూస్తుండగానే కాగితం మీద క్యాలెండర్ అమ్మ నవ్వుతూ కూర్చుంది. మెడ సాచి చూసిన సుగుణమ్మ, "మల్ల ఆమెనే వచ్చింది" అంది. చింపేశాను. రెండోసారి కూడా ఆమే వచ్చింది. ఈసారి లచ్చమ్మ చూసి, "అవ్వా, నీకు పెండ్లి చేస్తాండ్రా ఏంది?" అని పడీపడీ నవ్వింది. నాకు ఏడుపు రావాలి, రాలేదు. పళ్ళు బిగించి పెన్సిల్ మార్చాను, అన్నిటికంటే నల్లది తీసుకున్నాను. ఎడమ కన్నుతో మొదలుపెట్టాను. ఆ పువ్వు దగ్గర కాగితాన్ని తెల్లగా వదిలేసి చుట్టూ నలుపు రుద్దాను. రెప్ప చివర ముడుచుకుపోయిన చర్మం, కింద చెంప మీద సున్నం కాల్చిన మచ్చ, ఆ వైపు ఎత్తుకుని ఉండే కనుబొమ. అవి వచ్చాక ముక్కు దానంతటదే వచ్చింది. నోరు చివర గీశాను. నవ్వు లేదు. మాట అనబోతూ ఆగిన నోరు. మొన ఒకసారి విరిగింది, కాగితం ఒకచోట లోతుగా గీసుకుపోయింది. చెరపలేదు.

సగంలో ఉండగా సుగుణమ్మ గొంతు తగ్గించింది. "బిడ్డా, జుట్టు మాత్రం జర నల్లగ వెయ్యరాదు?"

"వెయ్యను."

"కొద్దిగ. చెవుల మీద."

"వెయ్యనంటే వెయ్యను అవ్వా. ఇప్పుడే కదా నన్ను తిట్టింది!"

నా గొంతు పక్కింటిదాకా వినిపించి ఉంటుంది. సుగుణమ్మ భుజాలు కదిలేలా నవ్వింది. "కోపమొస్తే మంచిగ గీస్తానవ్" అంది. బొమ్మ అయ్యాక లచ్చమ్మ వెనక్కి జరిగింది. "అమ్మో, ఇప్పుడే కట్టె తీస్కొని కొట్టేటట్టున్నది." సుగుణమ్మ మాత్రం బొమ్మను కుడి కంటి దగ్గరికి తెచ్చుకుని చాలాసేపు చూసి, "నేనే" అంది.

చర్చి తాళం ప్రకాశం గారి దగ్గరే ఉంటుంది. ఫోన్ చేస్తే పన్నెండు దాటాక వచ్చారు. అరవై దాటిన మనిషి, మర్యాదస్తుడు, నాకు ఎప్పుడూ ఎదురుచెప్పలేదు. లోపలికి వెళ్ళి పక్కగోడ ముందు నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఇంట్లో గీసి పంపడమే గానీ, ఆ బొమ్మలన్నిటినీ ఒకచోట ఎన్నడూ చూడలేదు. వేరే వేరే మీసాలు, వేరే వేరే తలపాగాలు, అన్నిటి కిందా ఒకే నోరు. చివర కొత్త మేకుకు నేను పంపిన రెండు కళ్ళ సుగుణమ్మ, ఆదివారం ఆరాధనలో తెరవడానికి తెల్ల గుడ్డ కప్పి ఉంది. గుడ్డ లాగేసి బొమ్మను కిందికి దించి, కొత్తది ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చూసి కూర్చునే బల్ల మీద పెట్టేశారు. "కరుణక్కా, మీరు విశ్వాసులు. ఇంత మెత్తగ మాట్లాడే మనిషి. ఇదేంది? పిల్లలు జడుసుకుంటరు."

"పిల్లలు అవ్వను రోజూ చూస్తాండ్రు కదా. జడుసుకుంటాండ్రా?"

"మనిషి వేరే, గోడ వేరే అక్కా. గోడ మీద సమాధానం ఉండాలె."

"కన్ను ఎందుకు సరిచెయ్యమన్నరో నాకు అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే గియ్యకపోదురా?"

ఆయన వెటకారంగా అనలేదు, నిజంగానే అడిగారు. గీసేదాన్నే. ప్రార్థన చేసుకుని మరీ గీసేదాన్ని. అది తెలిసేసరికి నా కోపం ఇంకా పెరిగింది. "ఇది పెట్టకపోతే నేను గీసినవి అన్నీ దించియ్యిండ్రి. తీసుకపోత" అన్నాను. నా గొంతు ఆ ఖాళీ చర్చిలో తిరిగి నాకే వినిపించింది.

వెనక కర్ర చప్పుడైంది. సుగుణమ్మ గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. లోపలికి వచ్చి గోడ కింద బల్ల మీద కూర్చుంది.

"ప్రకాశం, నువ్వేది పెడ్తవో పెట్టుకో. ఆదివారం నేను ఈన్నే, దాని కిందనే కూసుంట. జనం మీదికి చూస్తరు, కిందికి చూస్తరు. ఎన్ని కండ్లున్నయో వాళ్ళే లెక్కపెట్టుకుంటరు."

ప్రకాశం గారు నేను అనుకోని పని చేశారు. గోడ మొదట్లోకి వెళ్ళి తన తండ్రి బొమ్మను దించి, చంకలో పెట్టుకున్నారు. "సరే, గీ బొమ్మనే పెట్టుకోండ్రి. మా నాయిన్ను నేను ఇంటికి తీస్కపోత."

న్యాయం జరిగిందని నాకు లోపల గర్వంగా అనిపించింది. ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. సుగుణమ్మ కర్రతో నేలను కొట్టింది.

"ఏడికి తీస్కపోతానవ్ రా రాజయ్యను? పెట్టు ఆన్నే. నేను క్షమించిన మనిషిని ఇంట్ల దాచుతవా? ఆయన పక్కన్నే నన్ను పెట్టు. చూసేటోళ్ళు ఇద్దర్ని చూడాలె."

ఆయన కదల్లేదు. చివరికి స్టూలు తెచ్చుకున్నది ఆయనే. ఆయన ఎక్కితే నేను పట్టుకున్నాను. తండ్రి బొమ్మను తిరిగి దాని మేకుకు తగిలించి, పక్కనున్న బొమ్మను చివరికి జరిపి, ఆ ఖాళీలో సుగుణమ్మను పెట్టారు. అద్దం లేదు, చట్రం లేదు, ప్యాడ్ అట్టకు అంటించి, వెనక దారం కట్టి వేలాడదీసి, తెల్ల గుడ్డ మళ్ళీ కప్పాం. దిగేటప్పుడు నా వైపు చూడకుండా అన్నారు. "మా నాయిన ఎన్నడు గిట్ల నవ్వలే అక్కా. ఆఖర్ల మంచంల ఉన్నప్పుడు ఈమె ప్రార్థనకు వస్తే, గోడ దిక్కు తిరిగి పండుకునేటోడు. మొకం చూపెట్టేటోడు కాదు."

సుగుణమ్మ ఆ మాట విన్నది. "ఎర్కే" అంది. "వీపు చూసుకుంటనే ప్రార్థన చేసిన."

సాయంత్రం బండికి తిరిగి వచ్చాను. ఆదివారం గుడ్డ తీశారనీ, ఆమె అన్నట్టే దాని కింద కూర్చుందనీ లచ్చమ్మ ఫోన్లో చెప్పింది. నా కోపం ఎవరి మీదో ఇప్పటికీ పూర్తిగా తేల్చుకోలేకపోతున్నాను. రాజయ్య మీద లేదు, ఆయన సంగతి ఆమె తేల్చేసింది. ప్రకాశం గారి మీద సగమే మిగిలింది. తండ్రిని కాపాడుకోవాలనుకున్న కొడుకును పూర్తిగా ద్వేషించడం నాకు చేతకావడం లేదు. ఎక్కువ భాగం, అందరికీ ఒకే శాంతిని ట్రేస్ చేసి పంచిపెట్టిన ఈ చేతి మీద ఉంది. ప్రజలు మెచ్చుకున్న కొద్దీ నేను మనుషుల ముఖాలు చూడటం మానేశాను. దానికి భక్తి అని పేరు కూడా పెట్టుకున్నాను. ఆ ట్రేసింగ్ కాగితాలు పొయ్యిలో పెట్టాను. ఇప్పుడు రాజయ్య బొమ్మ మళ్ళీ గీస్తున్నాను, మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న మనిషిని. వీపు, మెడ, ఒక చెవి. ముఖం గీయడం కంటే ఇదే కష్టంగా ఉంది. ఒకే వారంలో రెండు క్యాలెండర్ల పని వద్దన్నాను. వద్దని గట్టిగానే చెప్పాను, అవతలివాళ్ళు నా నంబరేనా అని మళ్ళీ అడిగారు.

మిర్చి రోజుల్లో వెళ్ళేవాళ్ళు తడిగుడ్డ ఒకటి వెంట ఉంచుకోండి, కల్లాలు దాటేదాకా ముక్కుకూ కళ్ళకూ అడ్డం పెట్టుకోవాలి. తిరుగు ఆటోలు సాయంత్రం అయిదు దాటితే దొరకవు, కాబట్టి దిగేటప్పుడే ఆటో అతని నంబరు తీసుకోండి. ఇక ఒక్క మనవి. తన తండ్రి సంగతి బయట చెప్పొద్దని ప్రకాశం గారు నన్ను అడగలేదు. అడిగి ఉంటే కోపంతో ఊరంతా చెప్పేదాన్నేమో. అడగలేదు కాబట్టి నేను మిమ్మల్ని అడుగుతున్నాను. ఈ పేజీలు మీ దగ్గర ఉంచుకోండి. ఎవరికీ పంపకండి, చూపించకండి. చూడాలనుకున్నవాళ్ళు రైలెక్కి వెళ్ళి ఆ గోడ చూస్తారు.